కింది అంతస్తు నాది, పైకప్పు నా తమ్ముడిది

ఏటి ఒడ్డున దుంగలిల్లు అని అందరూ పిలిచే ఇంటి కింది అంతస్తుకు యజమానిని, బీమా కంపెనీలో నష్టాలు అంచనా వేసే ఉద్యోగం చేసి రిటైరైనవాడిని, భార్య పోయినవాడిని అయిన నేను ఈ కాగితాలు నా చేత్తో రాస్తున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నేను వాడే మందుల్లో మత్తు కలిగించేవి లేవు. నిన్న డాక్టరు పరీక్షించి, బుద్ధి స్థిమితంగానే ఉందని రాసిచ్చాడు. జ్ఞాపకశక్తి ఎలా ఉందని అడిగితే, కాస్త తగ్గితే బాగుండునని చెప్పాను. ఆయన నవ్వలేదు.

పేర్లూ, హద్దులూ, సర్వే నంబర్లూ వకీలుగారు తయారుచేసిన షెడ్యూలులో ఉన్నాయి. ఇక్కడ వరసలతోనే రాస్తాను. చదవబోయేవాళ్లంతా మావాళ్లే.

ముందుగా అసలు విషయం. ఈ ఇంట్లో నా వాటా మా అమ్మాయికి వెళ్లకూడదు. ఆమె నాకు ఒక్కగానొక్క కూతురు. కావాలని నోరు తెరిచి అడిగింది కూడా. ఇవ్వడం లేదు. ఎందుకో చెప్పాలి కాబట్టి ఈ వీలునామా మామూలు వాటికంటే పొడుగైంది.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత నా మరదలికి, అంటే నా భార్య చెల్లెలికి, అప్పగిస్తున్నాను. ఆమె హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసింది. మా ఇంటికి వచ్చిన ప్రతి వానాకాలమూ కంచం చేత్తో పట్టుకుని గది గదీ తిరిగేది. "బావగారూ, మీ కొంపలో చుక్క పడని చోటు ఒక్కటి చూపించండి. అక్కడ కూర్చుని తింటాను, లేకపోతే ఈ చారు ఎన్నటికీ తరగదు" అనేది. ఈ ఇంటి మీద ఆమెకు మమకారం లేదు. అందుకే ఆమెను ఎంచుకున్నాను.

2. ఇల్లు తీసుకునేవాళ్లకు ఏం తీసుకుంటున్నారో తెలియాలి. మా ముత్తాత కలప వ్యాపారి. అడవిలో కొట్టిన దుంగలు ఏటి నీళ్ల మీద తేలుతూ వచ్చేవి. వాటిని ఎండబెట్టుకోవడానికి ఒడ్డున రాతితో, సున్నంతో ఒక గోదాము కట్టాడు. ఇప్పటి మధ్య హాలు అదే. బండి లోపలికి వచ్చి తిరగడానికి వీలుగా తలుపులు అంత వెడల్పు పెట్టాడు. తర్వాత చుట్టూ గదులు కట్టి కాపురం పెట్టాడు. ఒక వరదలో నీళ్లు గడప దాటి వచ్చాక, మా తాత ఆ గోదాము గోడల మీదే పై అంతస్తు లేపాడు. అవి అంతస్తు మోయడానికి కట్టిన గోడలు కావు. కొన్నాళ్లకు బయటికి ఒరగడం మొదలైంది. అప్పుడు ఇంటి చుట్టూ వరండా వేసి, లావుపాటి స్తంభాలు నిలబెట్టాడు. ఫొటోలు తీసుకోవడానికి వచ్చేవాళ్లంతా ఆ స్తంభాల దగ్గరే నిలబడతారు. అవి అందం కోసం పెట్టినవి కావు. ఊతకర్రలు.

ఒక కాలేజీ లెక్చరరుగారు పత్రికలో మా ఇంటి గురించి వ్యాసం రాశారు. పెళ్లికూతుళ్లు బగ్గీ దిగకుండానే హాలులోకి వచ్చేంత వైభవమట. ఆ వెడల్పు దుంగల బండి కోసమని నా భార్య ఉత్తరం రాసింది. "ప్రజలకు బగ్గీయే నచ్చుతుందమ్మా" అని ఆయన జవాబిచ్చారు. ఆయనకు ఆ తలుపు ఇనుప బందు ఒకటి ఇస్తున్నాను. మోసి చూసుకుంటే దేని కోసం చేయించిందో తెలుస్తుంది.

3. మా నాన్నగారు న్యాయమైన మనిషి. ఆ న్యాయమే ఈ ఇంటిని తినేసింది. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ దేనికైనా కొట్టుకునేవాళ్లం. కిటికీ పక్క చోటుకీ, మామిడిటెంకకీ కూడా. నిలువుగా పంచితే హాలు మధ్యలో గోడ కట్టుకుంటామని ఆయన భయపడ్డారు. అడ్డంగా పంచారు. పునాదితో సహా కింది అంతస్తు నాకు, పైకప్పుతో సహా పై అంతస్తు తమ్ముడికి. "పునాది లేకుండా కప్పు ఉండదు, కప్పు లేకుండా పునాది మిగలదు. ఇక చచ్చినట్టు కలిసుంటారు" అని దస్తావేజు రాసిన వకీలుతో చెప్పి సంతోషించారట. ఒకరి భాగాన్ని మరొకరు, వారి రాతపూర్వక అనుమతి లేకుండా, ముట్టుకోకూడదని షరతు కూడా పెట్టించారు.

రెండు అంతస్తులకూ మధ్య ఉన్న దూలాల గురించి రాయడం మరిచిపోయారు.

తమ్ముడు పట్నంలో లారీలు నడుపుకుంటూ స్థిరపడ్డాడు. పై అంతస్తుకు తాళం పడింది. పెంకులు జారాయి. బాగు చేయించమని అడిగాను. "నాన్న నీకు ఇల్లిచ్చాడు, నాకు ఆకాశం ఇచ్చాడు. ఆకాశానికి రిపేర్లేమిటన్నయ్యా?" అన్నాడు. ఇంకోసారి అడిగితే, "నువ్వు కింద కాపురం చెయ్యి, నేను పైన గొడుగు పట్టుకుని నిలబడతాను. ఇదేగా మన న్యాయం?" అన్నాడు. వాడి మాటలో అబద్ధం లేదు. నేను చెప్పకుండా పెంకులవాణ్ణి పైకి ఎక్కించాను. తమ్ముడు నోటీసు పంపాడు. నీళ్లు దూలాల్లోకి దిగాయి. అవి నీ నేల అని నేనన్నాను. అవి నీ కప్పు అని వాడన్నాడు. కోర్టుకు వెళ్లాం. దూలాలు ఇద్దరివీ, ఇద్దరూ కలిసి బాగు చేయించుకోవాలని తీర్పు వచ్చింది. ఆ తీర్పు వచ్చేనాటికి మాకు మాటలు లేవు. ఇద్దరం గెలిచి ఇంటికి వచ్చాం. దూలాలు ఓడిపోయాయి.

నా ఉద్యోగంలో ఒక నియమం ఉండేది. మంటకు, వరదకు, పిడుగుకు పరిహారం ఇస్తాం. నెమ్మదిగా పాడైపోయినదానికి ఇవ్వం. అలా ఎన్నో దరఖాస్తులు తిప్పి పంపాను. ఆ నియమం సరైనదే. నెమ్మదిగా జరిగేదానికి కారణం ఫలానా అని చూపించడం కష్టం.

4. నా భార్య ఈ ఇంటికి కోడలిగా రాలేదు. మొదటిసారి కొలతలు తీసుకోవడానికి వచ్చింది. పాత కట్టడాల జాబితా తయారుచేసే ఆఫీసులో ఆమె నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్. మెడలో టేపు, చేతిలో మడత స్కేలు, చెవి మీద పెన్సిలు. గోడల్ని వేలి ముడులతో తట్టి వింటూ హాలంతా తిరిగింది. నాతో అన్న మొదటి మాట, "మీ హాలు చతురస్రం కాదు, తెలుసా?" తెలియదన్నాను. "ఇన్నేళ్లు ఇందులో తిరిగి కూడా ఎక్కడా గుద్దుకోలేదా?" అంది. ఒరిగిన గోడల సంగతి, స్తంభాల సంగతి మాకు చెప్పింది ఆమే. జాబితాలో చేరితే ఇల్లు పంచడానికి కుదరదని తెలిసి నాన్నగారు సంతకం పెట్టలేదు. ఆమె ఇంటి కొలతల బొమ్మలు మాత్రం పూర్తి చేసింది. పూర్తయ్యేలోగా మా పెళ్లి నిశ్చయమైంది.

ఆమె పగుళ్లకు అడ్డంగా గాజు పలకలు అంటించేది. పగులుకు అటూ ఇటూ కాస్త సున్నం ముద్ద పెట్టి, సన్నని గాజు ముక్కను పగులు మీదుగా అతికిస్తే, గోడ కదిలినప్పుడు గాజు విరుగుతుంది. విరిగిన చోట కొత్తది పెట్టేది. పక్క గదిలో కారేచోట పెట్టిన గిన్నె నిండితే మార్చేది. వానాకాలంలో మేం ఎక్కడికీ వెళ్లేవాళ్లం కాదు. పెద్ద ఆఫీసుకు రమ్మని ఆమెకు రెండుసార్లు పిలుపు వచ్చింది. "ఇంటిని ఎవరు చూస్తారు?" అని వెళ్లలేదు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఆమెకు అధికారులయ్యారు. దాని గురించి ఆమె ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు.

కిందటి వానల్లో పోయింది. రక్తానికి సంబంధించిన జబ్బు. ఇంటి చెమ్మ వల్ల వచ్చిందా అని డాక్టరును అడిగాను. కాదన్నాడు. కారణం అడగకుండా ఉండలేను, అది నా వృత్తి. కాదన్నందుకు నాకేమీ తేలిక కాలేదు.

5. మా అమ్మాయి ఇంజినీరు. వంతెనలు కడుతుంది. తల్లి పోయాక కొన్నాళ్లు ఉంటానని వచ్చింది. ఒక ఉదయం నేను హాలులోకి వెళ్లేసరికి నిచ్చెన మీద ఉంది. అరచేతిలో సున్నం ముద్ద, వేళ్ల మధ్య గాజు పలక. వాళ్లమ్మ పెట్టినది విరిగిన చోటే కొత్తది అంటిస్తోంది. వెనక్కి తిరక్కుండానే, "నాన్నా, నిచ్చెన కాస్త పట్టుకో, ఊగుతోంది" అంది.

పట్టుకున్నాను. ఆ నిచ్చెన నేను ఎన్నోసార్లు పట్టుకున్నదే. పైన ఉన్న మనిషే మారింది.

ఉద్యోగానికి రాజీనామా పంపానని అప్పుడే చెప్పింది. వంతెన సగంలో ఉందిగా అన్నాను. "వంతెన ఎవరైనా కడతారు. ఇది మనిల్లు" అంది. కప్పు మనది కాదన్నాను. బాబాయిని తాను ఒప్పిస్తానంది. మీ అమ్మ కూడా అదే అనుకుందన్నాను. "అమ్మ ఇంజినీరు కాదుగా" అంది నవ్వుతూ. ఇంజినీరింగు తక్కువై కాదు తల్లీ అన్నాను. దిగమన్నాను. సున్నం పట్టుకునేదాకా దిగలేదు.

తర్వాత బల్ల మీద కాగితాలు పరిచి నాకు వివరించింది. ఉక్కు చట్రం ఒకటి లోపలి నుంచి నిలబెడితే గోడలు ఆగుతాయట. దూలాలు ఒక్కొక్కటే మార్చవచ్చట. ఆమె చెప్పిందాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు. ఇల్లు నిలుస్తుంది. ఎవరో ఒకరు పట్టుకుని ఉన్నంత కాలం నిలుస్తుంది. నేను అంచనా వేసిన నష్టాల్లో ఇదొక్కటే ఇంకా జరగనిది.

6. కాబట్టి, నా తదనంతరం కింది అంతస్తు, పునాది, పెరడు, దూలాల్లో నా సగం, సర్వహక్కులతో నా తమ్ముడికి చెందాలి. కప్పూ పునాదీ మళ్లీ ఒక చేతికి వస్తాయి. అప్పుడు ఎవరినీ అడక్కుండా పడగొట్టవచ్చు. లారీలు నిలపడానికి స్థలం కావాలని వాడు చాలాకాలంగా అంటున్నాడు.

ఈ సంగతి చెప్పడానికి ఎన్నో ఏళ్ల తర్వాత వాడికి ఫోను చేశాను. "ఏంటి, ఇంకో కేసా?" అన్నాడు. కాదు, ఇల్లు నీకే రాస్తున్నాను, పిల్ల కోసం అన్నాను. "పిల్లకివ్వకుండా నాకిస్తే పిల్ల కోసం ఎలా అవుతుంది? నీకు ఒంట్లో బాగానే ఉందా అన్నయ్యా?" అన్నాడు. మర్నాడు వచ్చాడు. తాళం తుప్పు పట్టి తిరగలేదు, పగలగొట్టి పైకి వెళ్లాడు. చాలాసేపటికి కిందికి దిగి, చేతులు దులుపుకుంటూ, "ఈ కప్పు ఎప్పుడో మార్చాల్సింది" అన్నాడు. ఆ కప్పు ఎవరిదో నేను గుర్తుచేయలేదు. కాఫీ తాగి వెళ్లాడు. గేటు దగ్గర ఆగి, వదిన ఆఖరి రోజుల్లో ఏమైనా అందా అని అడిగాడు. నీ గురించి ఏమీ అనలేదన్నాను. అది నిజం.

షరతు ఒక్కటే. ఇంటిని యంత్రం పెట్టి పక్కనుంచి తొయ్యకూడదు. స్తంభాలు ముందు పడితే గోడలు బయటికి పడతాయి. తూర్పు వరండాను ఆనుకుని టైలరు కొట్టు ఉంది, అందులో పొద్దంతా మనుషులుంటారు. ముందు పెంకులు దించాలి. తర్వాత వాసాలు, పై గోడలు, దూలాలు, కింది గోడలు. స్తంభాలు ఆఖరున. నా భార్య గీసిన బొమ్మల్లో ఏది దేని మీద ఆనుకుని ఉందో స్పష్టంగా ఉంది. ఇల్లు ఎలా నిలబడిందో చూపడానికి గీసింది. ఎలా విప్పాలో తెలుసుకోవాలంటే చివరి కాగితం నుంచి మొదటిదాకా చూసుకుంటూ రావాలి. ఆ బొమ్మలు తమ్ముడికి ఇస్తున్నాను. అమ్మాయి అడుగుతుంది. ఇవ్వవద్దని నా మరదలికి ఇందుమూలంగా చెబుతున్నాను.

7. హాలు తలుపులు రెండూ మా వడ్రంగికి. వాటి గడియ బిగించడానికి వచ్చిన ప్రతిసారీ తలుపును నిమిరి, "అమ్మగారూ, దీంట్లో నాలుగు మంచాలు, ఒక బల్ల వస్తాయండి, మిగిలితే పీట కూడా" అనేవాడు. "మేమింకా లోపలే ఉన్నామయ్యా" అనేది నా భార్య. ఇప్పుడు చేసుకోవచ్చు. పీట ఒకటి నా మరదలికి చేసివ్వాలి.

8. ఒకప్పుడు వరండాలో ఉన్న నల్లకర్ర బల్ల మా పెదనాన్న కొడుక్కి ఇస్తున్నాను. ఆయన కూతురి పెళ్లికి ఒక్క రోజు కావాలని పట్టుకెళ్లాడు. ఆ అమ్మాయికి ఇప్పుడు మనవలు. బల్ల ఆయన ఇంట్లోనే ఉంది కాబట్టి రవాణా ఖర్చు ఉండదు.

9. బ్యాంకులో నా పేరున ఉన్నదంతా మా అమ్మాయికి. వాళ్లమ్మ పెన్సిళ్ల డబ్బా, మడత స్కేలు, కళ్లజోడు, చేతులు మడిచి వేసుకునే ఆ బూడిదరంగు స్వెట్టరు కూడా. స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగింది, కుట్టించలేదు. మిగిలిన గాజు పలకల పొట్లం నేనే బయట పారేశాను. దాని కోసం వెతకనక్కర్లేదు.

దీని నకలు ఇవాళే ఆమెకు ఇస్తాను. ఆమెకు నా మీద కోపం వస్తుంది. రానీ. కోపం ఉన్న మనిషి ఆ వీధి వైపు రాదు. పడగొట్టిన రోజున చూడడానికి రాదు. తిరిగి వంతెన దగ్గరికి వెళ్తుంది, అక్కడ ఆమె స్థానంలో ఇంకా ఎవరినీ పెట్టుకోలేదని కనుక్కున్నాను. నన్ను మంచివాడని అనుకుంటే ఇక్కడే ఉండిపోతుంది. వాళ్లమ్మ అలాగే ఉండిపోయింది.

10. నేను పోయాక శవాన్ని ఆస్పత్రి నుంచి నేరుగా తీసుకెళ్లాలి. ఇంటికి తేవద్దు. మధ్య హాలులో జనం గుమికూడకూడదు. పైన దూలాలు ఉన్నాయి.

11. ఇంతకు ముందు రాయించిన వీలునామా ఇందుమూలంగా రద్దయింది. అది నేనూ నా భార్యా కలిసి కూర్చుని రాసుకున్నది. ఇల్లు అమ్మాయికే అని అందులో ఉంది. ఆ వాక్యం చెప్పింది ఆమె, రాసింది నేను. ఆస్పత్రిలో కూడా, మాట కూడదీసుకుని, అమ్మాయితో "ఇల్లు చూసుకో" అంది. నేను మంచం పక్కనే ఉన్నాను.

అమ్మ ఉంటే ఏం చేసేదని అమ్మాయి నన్ను అడిగింది. తెలియదన్నాను. తెలుసు. ఆమె ఉంటే బొమ్మలు తీసి బల్ల మీద పరిచేది, తనూ కూతురూ కలిసి పని మొదలుపెట్టేవాళ్లు. నేను నిచ్చెన పట్టుకునేవాణ్ణి. ఆమె మాట కాదని నేను ఏ పనీ చేసి ఎరగను. ఆమె ఎదురుగా ఉంటే ఇదీ చేయగలిగేవాణ్ణి కాదు. ఇప్పుడు లేదు కాబట్టి చేస్తున్నాను.

పై సంగతులన్నీ నేను మరొకసారి చదువుకున్నాను. మార్చవలసింది ఏమీ లేదు.

తేదీ: నవంబరు పద్నాలుగు, బుధవారం

(సంతకం)
కింది అంతస్తు యజమాని

సాక్షులు, నేను సంతకం చేయగా చూసి, నా ఎదుట సంతకం చేసినవారు:

(సంతకం) తూర్పు గోడ పక్క కొట్టు టైలరు
(సంతకం) ఎదురింటి మందుల దుకాణదారు

వడ్రంగి కూడా సంతకం పెడతానని వచ్చాడు. తలుపులు తీసుకునేవాడు సాక్షిగా ఉండకూడదని వకీలుగారు చెప్పడంతో బయట నిలబడ్డాడు.